పేటెంటు లేని జన్యువుకు కప్పం

(కీసరలో విద్యార్థులు, ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పేటెంటు అనగానే అదేదో ఢిల్లీ, జెనీవాల ముచ్చట అని మనలో చాలామందిమి పక్కకు పెట్టేస్తాం. ఇక్కడ కీసర దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి శామీర్‌పేట దాటండి. తర్వాత దిగే చోటు మేడ్చల్, కండ్లకోయ. నూజివీడు సీడ్స్ కంపెనీ ఉన్నది అక్కడే. దానికీ అమెరికా కంపెనీ మోన్‌శాంటోకీ నడిచిన పేటెంటు కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. కొట్లాడింది వాళ్ళిద్దరు. కొట్లాట మాత్రం వరంగల్, ఆదిలాబాద్ పత్తి రైతు జేబులోని పైసల మీద. ఆ లెక్కే ఇవాళ మాట్లాడుకుందాం.

2002 మార్చిలో కేంద్రం బీటీ పత్తికి అనుమతి ఇచ్చింది. నేలలో ఉండే ఒక బాక్టీరియా జన్యువును పత్తిలో పెట్టారు. కాయతొలుచు పురుగు చావడం నిజం, మొదట్లో మందుల ఖర్చు తగ్గడమూ నిజం. అది ఒప్పుకోవడానికి మాకేం ఇబ్బంది లేదు. మా పేచీ ధర దగ్గర. 450 గ్రాముల పాకెట్టు 1,600 నుంచి 1,850 రూపాయల దాకా అమ్మారు. అందులో 1,250 రూపాయలు విత్తనానికి కాదు, లోపలున్న ఆ జన్యువుకు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు ట్రెయిట్ వాల్యూ. మన తాతలు దాన్ని కప్పం అనేవాళ్ళు.

ఇంతకూ ఆ మొదటి తరం బోల్‌గార్డ్ జన్యువుకు మన దేశంలో పేటెంటే లేదు! మళ్ళీ చెప్తున్నాం, లేదు. మరి 1,250 ఎట్లా గుంజారు? జన్యువు వాళ్ళ చేతిలో, ప్రభుత్వ అనుమతి వాళ్ళ పేరు మీద. ఇంకొకరు కొత్తగా తేవాలంటే ఏండ్ల తరబడి పరీక్షలు. విత్తన కంపెనీలు ఒప్పంద పత్రాల మీద సంతకాలు పెట్టాయి, ఆ బరువును పాకెట్టు మీద వేసి మన ఊళ్ళకు పంపాయి. చట్టం బలవంతునికి చుట్టమైతే చట్టం రాయకముందే వసూలు మొదలైతది.

2006 జనవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాలను అరికట్టే కమిషన్ ముందుకు పోయింది. ఇదే జన్యువుకు అమెరికాలో, చైనాలో ఎంత తీసుకుంటున్నరు, మా రైతు దగ్గర ఎంత గుంజుతున్నరు అని నిలదీసింది. మే నెలలో కమిషన్ ఫీజు తగ్గించమంది. ప్రభుత్వం పాకెట్టు ధర 750కి కట్టేసింది. 1,850 ఎక్కడ, 750 ఎక్కడ? కంపెనీ దుకాణం ఎత్తేసి పోయిందా? లేదు, అంతకు ముందుకన్నా ఎక్కువ అమ్మింది. 'ధర తగ్గిస్తే పరిశోధన ఆగిపోతది' అని ఎవరన్నా భయపెడితే ఈ అంకెలు చెప్పండి. 2007లో రాష్ట్రం పత్తి విత్తన ధరల మీద ప్రత్యేక చట్టమే చేసింది.

తర్వాత వచ్చిన బోల్‌గార్డ్-2కు 2008లో పేటెంటు దొరికింది. 2015లో రాయల్టీ దగ్గర కంపెనీల మధ్య పంచాయితీ ముదిరింది. ఆ డిసెంబరులో కేంద్రం ధరల నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది. పాకెట్టుకు 163 రూపాయలున్న ట్రెయిట్ ఫీజు 2016లో 49కి, 2018లో 39కి, 2019లో 20కి దిగి, 2020లో సున్నా అయింది. ఇక కోర్టు సంగతి. మొక్కలకూ విత్తనాలకూ పేటెంటు ఇవ్వరాదని మన పేటెంట్ల చట్టంలో 3(జె) సెక్షను ఉంది. దాని ప్రకారం ఆ పేటెంటు చెల్లదని 2018 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి చెప్పింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, సాక్ష్యాలతో విచారణ చేయమని వెనక్కి పంపింది. ఆ ఏడాది చివరికల్లా పేటెంటు గడువే తీరిపోయింది. 2021 మార్చిలో కంపెనీలు రాజీ పడ్డాయి. విత్తనంలోని జన్యువుకు పేటెంటు చెల్లుతుందా లేదా? తేలనే లేదు. మధ్యలో గులాబీరంగు పురుగు బోల్‌గార్డ్-2ను కూడా లెక్కచేయడం మానేసింది. పురుగు చావకున్నా ఫీజు మాత్రం వసూలైంది.

కండ్లకోయ వాడు మనవాడు, అమెరికా వాడు పరాయివాడు అని చప్పట్లు కొట్టేముందు ఇంకో లెక్క చూడండి. ట్రెయిట్ ఫీజు సున్నా అయిన 2020లో పాకెట్టు 730 రూపాయలు. 2024లో 864. కప్పం పోయినా ధర ఎక్కుతూనే ఉంది. పండిన గింజను దాచుకుని మళ్ళీ విత్తుకునే హక్కు 2001 నాటి చట్టం రైతుకు ఇచ్చింది. కానీ అమ్ముతున్నది సంకర విత్తనం. దాచుకుని విత్తితే తల్లి పంట రాదు. ఏటా దుకాణం మెట్లు ఎక్కాల్సిందే. చట్టం ఇచ్చిన హక్కును సంచిలోనే తాళం వేసి అమ్ముతున్నారు.

శామీర్‌పేట దాటినంక తుర్కపల్లి సంగతి కూడా ఒక మాట. అక్కడ భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాక్సిన్‌లో ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్ పరిశోధన ఉంది, అంటే ప్రజల పైసలున్నాయి. 2021 ఏప్రిల్‌లో రాష్ట్రాలకు డోసు 600 రూపాయలని ప్రకటించారు, విమర్శలు వచ్చాక 400 చేశారు. ప్రైవేటు దవాఖానకు 1,200. పేటెంటు దరఖాస్తులో ఐసీఎంఆర్ పేరు లేదని 2024లో బయటపడింది. పొరపాటున జరిగిందన్న కంపెనీ ఆ జూన్‌లో పేరు చేర్చే పని చేసింది. ఎవరూ అడగకపోతే ఆ పేరు చేరేదా?

అడిగే దారి ఒకటుంది. పేటెంటు ఇవ్వకముందే అభ్యంతరం చెప్పే హక్కు 25వ సెక్షను ప్రకారం ఎవరికైనా ఉంది. కంపెనీయే కానక్కర లేదు. 2024 మార్చిలో మార్చిన నిబంధనలు దానికి ఫీజు పెట్టి, అభ్యంతరాన్ని మొదట్లోనే వడపోసే అధికారం కంట్రోలరుకు ఇచ్చి, ఆ తలుపును సగం మూశాయి. మిగిలిన సగం ఇంకా తెరిచే ఉంది. పేటెంటు ఆఫీసు పత్రిక ప్రతి శుక్రవారం వస్తుంది, ఉచితమే. వ్యవసాయం, ఫార్మసీ, లా చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. నలుగురు కలిసి ముందు విత్తనాలు, మందుల దరఖాస్తులు చదవడం మొదలుపెట్టండి. కాగితాల పని తెలిసిన ఉద్యోగ మిత్రులు వాళ్ళ వెంట కూర్చోండి. ఫీజు ఖర్చు చందా వేసుకుందాం.