మరణశాసనముల దస్త్రములు: వెదకు విధము

మనుష్యుడు గతించిన పిమ్మట ఆతని ఇల్లు, పొలము, పెట్టెబేడలు ఎవరికి చెందవలెనను ప్రశ్న ఏ దేశమునందైనను తప్పదు. ఆ ప్రశ్నను తీర్చుటకు న్యాయస్థానము కావలెను. న్యాయస్థానమున్నచోట కాగితము పుట్టును. అమెరికా సంయుక్త రాష్ట్రములందు ఇట్టి కాగితములు ఎచ్చట నిలిచియున్నవి, వానిని చూడగోరువారు ఏ దారిని పోవలెను అను విషయమును నేటి ప్రసంగమున మనవి చేయుచున్నాము. ఇది వకీళ్లకు మాత్రమే పనికివచ్చు సంగతి యని శ్రోతలు తలపవలదు. మరి యే పుస్తకమునకును ఎక్కని మనుష్యుల పేరులు ఈ దస్త్రములలో దొరకుచున్నవి. ఆ కారణము చేతనే మేమీ విషయమును ఎన్నుకొన్నాము.

మొదట దస్త్రము పుట్టు విధమును చూతము. వీలునామా వ్రాసి మరణించినవాని పత్రమును న్యాయస్థానమున దాఖలు చేసి, అది ఆతడు వ్రాసినదే యని రుజువు చేయవలెను. ఈ రుజువునకే ప్రొబేటు అని పేరు. వీలునామా లేకుండ మరణించినచో న్యాయస్థానమే ఒక నిర్వాహకుని నియమించి, అప్పులు తీర్పించి, మిగిలినదానిని చట్టప్రకారము వారసులకు పంచియిప్పించును. ఈ రెండు విధములందును దస్త్రము తయారగును. కావున వీలునామా వ్రాయలేదు గదా, ఇక కచ్చేరీలో నేమి యుండునని వెనుదిరుగరాదు. వీలునామా లేనివాని దస్త్రమే కొన్నిమారులు ఎక్కువ సంగతులు చెప్పును. ఏలయనగా వారసులెవరో అందు పేరు పేరున తేల్చవలసివచ్చును.

మన దేశమున రిజిస్టరైన వీలునామా నకలును, వ్రాసినవారు జీవించియున్నంతకాలము వారికో వారి ఏజెంటుకో తప్ప ఇతరులకీయరు. వారు మరణించిన తరువాత ఎవరడిగినను ఇత్తురు. అమెరికాలోను ఇట్టి మర్యాదయే కలదు. వీలునామా ఒకసారి న్యాయస్థానమున రుజువైన పిదప అది సాధారణముగా బహిరంగ పత్రమగును. చూచుటకు బంధుత్వము నిరూపింప నక్కరలేదు.

అయితే అడుగవలసిన చోటు తెలియవలెను. చిక్కంతయు అచ్చటనే యున్నది. ఆ దేశమున మన జిల్లాల వంటి విభాగములను కౌంటీ లందురు. అవి 3000కు పైగా ఉన్నవి. వీలునామాల దస్త్రములన్నియు ఒక్కచోట చేర్చిన కేంద్ర కార్యాలయ మేదియు లేదు. మరణించినవాడు ఏ కౌంటీలో కాపురముండెనో ఆ కౌంటీ న్యాయస్థానముననే ఆతని దస్త్రముండుట సామాన్య నియమము. పుట్టిన ఊరితోగాని, ఉద్యోగము చేసిన నగరముతోగాని పని లేదు. వేరొక కౌంటీలో భూమి యున్నచో అచ్చటను కొన్ని కాగితము లుండవచ్చును.

మన తెలుగువాని ఉదాహరణముతో ఈ నియమమును చెప్పుకొందము. భీమవరమున జన్మించిన శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1948లో న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను ఊర మరణించిరి. ఆ ఊరు రాక్‌లాండ్ కౌంటీలోనిది. ఆ కౌంటీ ముఖ్యస్థానము న్యూ సిటీ యను గ్రామము. ఆయన ఆస్తివ్యవహారమును గూర్చి వెదకువారు మొదట తట్టవలసిన తలుపు న్యూ సిటీలోని కచ్చేరీది. న్యూయార్కు మహానగరమునకు వ్రాసిన ఉత్తరము దారి తప్పినట్లే.

న్యాయస్థానపు పేరు కూడ రాష్ట్రమున కొక తీరుగా నుండును. న్యూయార్కు, న్యూజెర్సీ రాష్ట్రములలో దానిని సరోగేట్ కోర్టు అందురు. పెన్సిల్వేనియా, మేరీలాండులలో ఆర్ఫన్స్ కోర్టు, అనగా అనాథల న్యాయస్థానము, అను ప్రాచీన నామమే నిలిచియున్నది. అచ్చట వీలునామాలను భద్రపరచు అధికారిని వీలునామాల రిజిస్టరు అందురు. జార్జియాలో 1974కు పూర్వము ఆర్డినరీ కోర్టు అనుచుండిరి. వర్జీనియాలో సర్క్యూట్ కోర్టు గుమాస్తా కార్యాలయమున ఈ పని జరుగును. లూసియానాలో కౌంటీకి బదులు పారిష్ అను విభాగము కలదు. రోడ్ ఐలాండులో దస్త్రములు ఊరూరను వేరువేరుగా నుండును. అడుగబోవు రాష్ట్రపు వాడుక పేరును ముందుగా తెలిసికొన్నచో సగము శ్రమ తగ్గును.

ఇక సరిహద్దుల సంగతి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడును, 2016లో తెలంగాణమునందును, 2022లో ఆంధ్రప్రదేశమునందును జిల్లాలను విభజించినప్పుడును, ఊరు కదలకయే జిల్లా మారుట మనమెరిగినదే. అమెరికాలోను అట్లే జరిగినది. వర్జీనియా రాష్ట్రమున 1742లో ప్రిన్స్ విలియం కౌంటీని చీల్చి ఫెయిర్‌ఫాక్స్ కౌంటీని ఏర్పరచిరి. 1757లో ఫెయిర్‌ఫాక్స్‌ను చీల్చి లౌడన్ కౌంటీని ఏర్పరచిరి. నేడు లౌడన్‌లో నున్న పల్లెయందు 1750లో ఒకడు మరణించియున్నచో ఆతని వీలునామాను ఫెయిర్‌ఫాక్స్ పుస్తకములలో వెదకవలెను. 1740లో మరణించియున్నచో ప్రిన్స్ విలియం పుస్తకములలో వెదకవలెను. నేటి పటమును గాక, మరణించిన నాటి పటమును చేతబట్టుకొని బయలుదేరవలెనని మా మనవి.

కచ్చేరీ దొరకిన తరువాత సూచిక పుస్తకమును చూడవలెను. అందు పేరులు సాధారణముగా మరణించినవారివే గాని వారసులవి కావు. ఇంటిపేరును గుమాస్తా తనకు వినవచ్చినట్లు వ్రాసియుండును గనుక అక్షరభేదములను ఓపికతో చూడవలెను. మరణించిన సంవత్సరముతో ఆగక, ఆ తరువాతి పది పదునైదేండ్ల పుస్తకములనుగూడ తిరుగవేయవలెను. వితంతువు జీవించియున్నంతకాలము పంపకము నిలిచియుండి, ఆమె తరువాత జరిగిన సందర్భములు కలవు.

సూచికలోని అంకెను పట్టుకొని పోయినచో రెండు విధములైన కాగితములు కనబడును. మొదటిది వీలునామాల పుస్తకము. అందున్నది గుమాస్తా ఎత్తివ్రాసిన ప్రతి. రెండవది ఆ వ్యవహారమునకు సంబంధించిన కాగితముల కట్ట. పలువురు వీలునామాను మాత్రము చదివి తృప్తిపడి తిరిగిపోవుదురు. ఆ కట్టలోనే అర్జీ, జామీనుపత్రము, మదింపుదారులు వ్రాసిన ఆస్తి పట్టిక, వేలములో ఏ వస్తువును ఎవరు కొనిరను జాబితా, జమాఖర్చులు, వారసులు చేవ్రాలు చేసిన రశీదులు ఉండును. తండ్రి పోయిన పిల్లలకు, తల్లి జీవించియున్నను, ఆస్తి నిమిత్తము సంరక్షకుని నియమించుట ఆనాటి వాడుక. ఆ కాగితములలో పిల్లల పేరులు, వయస్సులు దొరకును. ఆ దేశపు జనాభా లెక్కలలో ఇంటిలోని స్వతంత్రులందరి పేరులను వ్రాయుట 1850లోగాని ఆరంభము కాలేదు. అంతకుముందు ఇంటి యజమాని పేరు మాత్రమే వ్రాయుచుండిరి. కావున అంతకు పూర్వపు భార్యాబిడ్డల పేరులకు ఈ కట్టలే ముఖ్యాధారము.

చదువునప్పుడు తొందరపాటు కూడదు. ఒక కుమారునికి ఒక్క షిల్లింగు మాత్రమే వ్రాసినచో తండ్రి ఆతనిపై కోపించెనని అనుకొనరాదు. మున్నే భాగమిచ్చి వేరుపెట్టి యుండవచ్చును. పాత పత్రములలో అల్లుడు అను అర్థమిచ్చు మాట సవతికొడుకునకు కూడ వాడబడినది. పెద్దకొడుకు పేరు వీలునామాలో కనబడనంతమాత్రమున ఆతడు లేడని కాదు. వర్జీనియాలో జ్యేష్ఠునకే భూమి చెందు చట్టమును 1785లో మార్చు వరకును, ఆతనికి రావలసినది వీలునామా లేకయే వచ్చుచుండెను.

ఈ దస్త్రముల నిజమైన విలువ తెలియుటకు ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోని ఒక్క వీలునామాను చూచిన చాలును. అది జార్జి వాషింగ్టన్ 1799 జూలైలో తన చేతితో వ్రాసికొన్నది. ఆయన అదే సంవత్సరము డిసెంబరు 14న మరణించెను; మరుసటి నెలలో వీలునామా ఫెయిర్‌ఫాక్స్ న్యాయస్థానమున రుజువయ్యెను. నేటికిని అది ఆ కౌంటీ కచ్చేరీ సొత్తుగానే యున్నది. అప్పటికి ఆయన మౌంట్ వెర్నన్ ఎస్టేటునందు 317 మంది బానిసలుండిరి. వారిలో తన స్వంతమైన 123 మందిని తన భార్య మార్తా మరణానంతరము విడుదల చేయవలెనని ఆయన వ్రాసెను. విలియం లీ అను సేవకుని మాత్రము వెంటనే విడిచిపెట్టి, జీవితాంతము ఏటేట 30 డాలర్లు ఇమ్మనెను. మార్తా తన మరణము వరకు వేచియుండక, 1801 జనవరి 1వ తేదీన ఆ 123 మందికిని విముక్తి కలిగించెను.

తక్కినవారి మాట ఏమి? వారిలో చాలమంది మార్తా మొదటి భర్త డేనియల్ కస్టిస్ ఆస్తికి చెందినవారు. ఆయన 1757లో వీలునామా లేకుండ మరణించెను. చట్టప్రకారము ఆ ఆస్తిలో మూడవవంతు వితంతువునకు అనుభవమునకు మాత్రమే వచ్చినది. ఆ భాగములోని మనుష్యులను విడుదల చేయుటకు మార్తాకుగాని వాషింగ్టనుకుగాని హక్కు లేదు. ఈ రెండు వర్గములవారును ఒకరినొకరు పెండ్లాడియుండిరి. వీలునామాలోనే వాషింగ్టన్ ఈ చిక్కును ప్రస్తావించెను. భర్త స్వతంత్రుడై, భార్యాబిడ్డలు బానిసలుగానే మిగిలిన కుటుంబములేర్పడినవి. 1802లో మార్తా మరణింపగా ఆ మిగిలినవారిని ఆమె మనుమలకును మనుమరాండ్రకును పంచిరి. నలువది యేండ్ల నాటి ఒక ఆస్తి పంపకము ఎవరి బిడ్డ ఎవరి యింట పెరుగవలెనో నిర్ణయించెను. ఆ సంగతి మనకు తెలియుచున్నది ఈ కాగితముల వలననే.

బానిసత్వము 1865లో రద్దయినది. విముక్తులైన వారందరి పేరులును మొదటిసారి జనాభా లెక్కలలోనికెక్కినది 1870లో. అంతకుముందు 1850, 1860 సంవత్సరములలో బానిసల కొరకు ప్రత్యేకముగా వ్రాసిన లెక్కలలో యజమాని పేరు క్రింద వయస్సు, ఆడయో మగయో, రంగు అను వివరములేగాని మనిషి పేరు దాదాపు ఎచ్చటను లేదు. వారి సంతతివారు తమ పూర్వులను వెదకుచు 1870 దాకా వచ్చి గోడకు తగిలినట్లు ఆగిపోవుదురు. ఆ గోడకున్న ద్వారము కౌంటీ కచ్చేరీలోని ఆస్తి పట్టిక. యజమాని చనిపోయినపుడు మదింపుదారులు ఆవులు, నాగళ్లు, రాట్నములు, పరుపులు వ్రాసిన కాగితముననే మనుష్యుల పేరు, వయస్సు, వెల వ్రాసిరి. తల్లిని, చంటిబిడ్డను కలిపి ఒక్క వెల కట్టిన పంక్తులు కలవు. చదువుట కష్టముగా నుండును. అయినను, తమ ముత్తవ్వ పేరు మరియెచ్చటను లేనివారికి ఆ పంక్తియే ఆమె జీవించినదనుటకు సాక్ష్యము.

ఇట్టి కాగితములన్నియు నిలువలేదు. అంతర్యుద్ధ కాలమున వర్జీనియాలోని కొన్ని కౌంటీలు భద్రత కొరకు తమ పుస్తకములను రాజధానియగు రిచ్‌మండ్‌కు పంపినవి. 1865 ఏప్రిల్‌లో ఆ నగరము కాలినపుడు అవి బూడిదయైనవి. మార్తా వీలునామాను 1862లో ఉత్తర సైన్యపు ఉద్యోగి యొకడు ఫెయిర్‌ఫాక్స్ కచ్చేరీనుండి తీసికొనిపోయెను. అది చేతులు మారి ధనికుడైన జె. పి. మోర్గన్ సంగ్రహమునకు చేరెను. వర్జీనియా రాష్ట్రము దావా వేయగా 1915లో అది తిరిగి స్వస్థానమునకు వచ్చినది. కచ్చేరీ కాలిపోయిన కౌంటీలోనైనను ఆశ విడువరాదు. భూమి దస్తావేజులు, పన్నుల చిట్టాలు, పొరుగు కౌంటీ పుస్తకములు, నాటి వార్తాపత్రికలలోని ప్రకటనలు కొంత లోటు తీర్చును.

నేడు ఈ దస్త్రములు చూచుటకు మూడు మార్గములు కలవు. యూటా రాష్ట్రమున సాల్ట్ లేక్ సిటీలోని వంశావళి సంఘమువారు 1938 నుండి దేశదేశముల దస్త్రములను మైక్రోఫిల్ముగా తీసిరి. ఆ ఫిల్ములను కంప్యూటరు ప్రతులుగా మార్చు పని 2021లో ముగిసినది. ఫ్యామిలీసెర్చ్ అను వారి సంస్థ ద్వారా చాలవానిని రుసుము లేకుండ ఇంటనుండియే చూడవచ్చును. రెండవది, ఆయా రాష్ట్రముల ప్రాచీన పత్రాగారములు. మూడవది, నేరుగా కౌంటీ గుమాస్తాకు వ్రాయుట. అట్లు వ్రాయునపుడు మరణించినవారి పూర్తి పేరు, మరణ సంవత్సరము, నివసించిన ఊరు తెలిపి, ఏ కాగితము కావలెనో స్పష్టముగా చెప్పి, నకలు రుసుము ఎంతయో అడుగవలెను. వంశచరిత్రకు మామూలు నకలు చాలును. ఆస్తి వ్యవహారమునకు కచ్చేరీ ముద్రగల సర్టిఫైడు నకలు కావలెను. దానిని మన దేశమున చూపవలసియున్నచో ఆ రాష్ట్రప్రభుత్వముచే అపోస్టిల్ అను ధ్రువీకరణ కూడ పొందవలెను.

వర్జీనియా ఉత్తరభాగమున నేడు మన తెలుగు కుటుంబములు పెక్కు నివసించుచున్నవి. వారి చిరునామాలు మన ఇండ్ల డైరీలలో ఉండును. కాని టపా చిరునామాలోని ఊరి పేరు కౌంటీని తెలుపదు. అలెగ్జాండ్రియా అని చిరునామా గల ఇండ్లు అనేకము నిజమునకు ఆ నగరమునకు వెలుపల ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో నున్నవి. వాని దస్త్రములు ఫెయిర్‌ఫాక్స్ కచ్చేరీకే చేరును. కావున బిడ్డలు, బంధువులు ఆ దేశమున నున్న గృహస్థులు వారి చిరునామా ప్రక్కన కౌంటీ పేరును కూడ అడిగి వ్రాసియుంచుకొనవలెనని మేము కోరుచున్నాము. ఆ ఒక్క మాట, మనకు అవసరము కలిగిన నాడును, మన మనుమలు మనలను వెదకు నాడును, పనికివచ్చును.