స్వేచ్ఛా క్షేత్రము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



గ్రంథాలయోత్సవ సమయమున గ్రంథములను గూర్చియో, గ్రంథకర్తలను గూర్చియో ప్రసంగించుట ఆచారము. నేటి ప్రసంగమునకు విషయము మాత్రము ఒక పొలము. అదియు ఈ సీమలోనిది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములందు, మిసిసిపీ రాష్ట్రమున, సన్‌ఫ్లవర్ అను జిల్లాలో 1969వ సంవత్సరమున నెలకొల్పబడి, ఏడేండ్లు మాత్రమే బ్రదికిన యొక సహకార క్షేత్రము. దాని పేరు ఫ్రీడమ్ ఫారము. అనగా స్వేచ్ఛా క్షేత్రము. దానిని స్థాపించిన శ్రీమతి ఫ్యానీ లూ హేమర్ బాల్యముననే బడి విడిచిన యొక కూలి స్త్రీ. పొలమునకును పుస్తకమునకును గల చుట్టరికము ఆమె చరిత్రయందు చక్కగా గోచరించును గనుక, ఈ సభలో దానిని ముచ్చటించుట అప్రస్తుతము కానేరదు.

మిసిసిపీ మహానది వెల్లువలు యుగయుగములుగా దెచ్చి పోసిన ఒండ్రుమట్టి చేత నేర్పడిన సీమ యది. నేల నల్లనిది, మిక్కిలి సారవంతమైనది. ప్రత్తి పంటకు పెట్టినది పేరు. ఆ ప్రత్తిని పండించినవారు నీగ్రో జాతీయులు. వారి దాస్యము 1865లో శాసనముచేత రద్దయ్యెను గాని, భూమి మాత్రము పూర్వపు దొరలయొద్దనే నిలిచిపోయెను. అందువలన పాలు సేద్యము పుట్టినది. భూస్వామి నేలనిచ్చును, విత్తనమును, పంట చేతికి వచ్చువఱకు తిండికి వలయు సరకులను అప్పుగా నిచ్చును. పంటలో సగము తనది. రెండవ సగములోనుండి అప్పు మినహాయించుకొనును. లెక్కల పుస్తకము ఆయన చేతిలోనిది. తూనిక ఆయనది. ధర ఆయన చెప్పినది. సంవత్సరాంతమున లెక్క తేల్చునప్పటికి సేద్యగానికి మిగులు కనబడుట అరుదు. బాకీ కనబడుటయే పరిపాటి. జమ, ఖర్చు, నిలువ, ఈ మూడును ఒక్కరి చేతిలోనే యుండి, రెండవవానికి వానిని చదువు నేర్పు లేనిచో, సంకెల లేకయే మనుష్యుని కట్టివేయవచ్చును.

శ్రీమతి హేమర్ 1917వ సంవత్సరము అక్టోబరు 6వ తేదీన అట్టి కుటుంబమున జన్మించెను. తల్లిదండ్రులకు కలిగిన ఇరువదిమంది సంతానములో ఆమెయే కడపటిది. ఆరవయేటనే ప్రత్తి తీయుటకు చేలోనికి దిగెను. ఆమె తండ్రి ఎన్నియో యేండ్లు కష్టించి, కాసు కాసు కూడబెట్టి, సొంతముగా సేద్యము చేయుదమను ఆశతో మూడు కంచర గాడిదలను, నాగళ్లను కొనెను. ఒకనాటి రాత్రి యెవరో వాని మేతలో విషము కలిపిరి. గాడిదలు మూడును చచ్చినవి. ఆ దెబ్బనుండి ఆ కుటుంబము మరల తేఱుకొనలేదు. చదువనిన ఎంతయో ప్రీతి కలిగియు ఆ బాలిక పండ్రెండేండ్ల ప్రాయమున బడి మానవలసివచ్చెను. అయినను అక్షరము వచ్చియుండుటచే, వివాహానంతరము రూల్‌విల్ చెంతనున్న యొక ప్రత్తి క్షేత్రమున ఆమెకు కూలీల హాజరు, ప్రత్తి తూనిక, కూలి వివరములు వ్రాయు పని లభించెను.

అక్కడ దొరవారి కాటాకు వ్రేలాడు గుండు సరియైనది కాదనియు, కూలివాడు తీసిన ప్రత్తి ఆ గుండునకు తక్కువగా తూగుననియు ఆమె గ్రహించెను. బహిరంగముగా ఎదిరించిన వెంటనే కొలువు పోవును. మరియొకరు వచ్చి అదే గుండుతో తూచుదురు. కావున ఆమె తనది వేరొక గుండు తెచ్చుకొని, దొర కనులయెదుట లేనప్పుడెల్ల దానితో తూచి, కూలీలకు న్యాయమైన లెక్క వ్రాసెడిది. లెక్క వ్రాయువాని చేతిలో నున్న ధర్మము ఎంతటిదో తెలియుటకు ఈ యొక్క సంగతి చాలును.

1962వ సంవత్సరము ఆగస్టు నెలలో రూల్‌విల్ చర్చియందు పౌరహక్కుల కార్యకర్తలు సభ జరిపిరి. తన జాతివారికిని వోటు హక్కు కలదని ఆమె మొట్టమొదట విన్నది ఆ సభలోనే. అప్పటికామెకు నలువదినాలుగేండ్లు! ఆ నెల 31వ తేదీన పదునెనమండుగురు జిల్లా కేంద్రమగు ఇండియనోలాకు పోయి వోటర్లుగా నమోదు కాగోరిరి. అచ్చట ఒక పరీక్ష గలదు. రాష్ట్ర రాజ్యాంగమునుండి అధికారి చూపిన భాగమును వ్రాసి, దాని భావమును వివరింపవలెను. న్యాయవాదులకే కొఱుకుడుపడని భాగములు నల్లవారికి పెట్టుట వాడుక. శ్రీమతి హేమర్ ఆనాడు ఉత్తీర్ణురాలు కాలేదు. ఇంటికి మరలిన ఆ రాత్రియే దొర వచ్చి, దరఖాస్తును ఉపసంహరించుకొనుము, లేదా క్షేత్రము విడిచిపొమ్మని ఆజ్ఞాపించెను. పదునెనిమిదేండ్ల కొలువును, కొంపను విడిచి ఆమె ఆ రాత్రియే వెడలిపోయెను. రాజ్యాంగమును పట్టుదలతో చదివి, 1963 జనవరి 10వ తేదీన మరల పరీక్షకు నిలిచి, ఉత్తీర్ణురాలయ్యెను. ఆ సంవత్సరమే జూన్ నెలలో వినోనా పట్టణపు చెరసాలలో ఆమెను పెట్టిన హింసకు మూత్రపిండము చెడి, శరీరము తుదివఱకును కోలుకొనలేదు. 1964 ఆగస్టు 22వ తేదీన అట్లాంటిక్ సిటీలో డెమొక్రాటిక్ పార్టీ మహాసభ సంఘము ఎదుట ఆమె యిచ్చిన సాక్ష్యమును దేశమంతయు టెలివిజనులో చూచెను.

ఇంతవఱకు హక్కుల చరిత్ర. ఇక ఆకలి చరిత్ర వినవలెను.

వోటు కోరిన వారిని లొంగదీయుటకు లాఠీయే యక్కఱలేదు. తిండి నాపిన చాలును. పొరుగున నున్న లెఫ్లోర్ జిల్లాలో 1962వ సంవత్సరపు చలికాలమున, ప్రభుత్వపు మిగులు ఆహార పదార్థముల పంపిణీని జిల్లా అధికారులు నిలిపివేసిరి. వేలకొలది బీదజనుల కుండలు చల్లబడెను. దీనికి తోడు ప్రత్తి తీయు యంత్రములును, కలుపును చంపు మందులును వచ్చి, కూలిపని సన్నగిల్లెను. అటుపిమ్మట ఉచిత పంపిణీకి బదులు ఆహారపు చీట్ల పద్ధతి వచ్చెను గాని, ఆ చీట్లను కొంత రొక్కమిచ్చి కొనవలెను. రొక్కమే లేనివాడు చీటి నెట్లు కొనును? అంతటి సారవంతమైన నేలమీద, నింగి తాకు ప్రత్తిరాసుల నడుమ, పిల్లలు పస్తులుండిరి. ఏలయన ఆ నేల వారిది కాదు. పెరటిలో కూర మొక్క నాటుటకైనను దొర యనుమతి కావలెను.

వోటు వచ్చినను, పొయ్యిలోని నిప్పు ఇతరుని దయపై నాధారపడియున్నంతకాలము ఆ వోటు నిలువదని శ్రీమతి హేమర్ నిశ్చయించెను. తన ధాన్యము తన యింట నున్నవానిని ఎవరును ఆకలిచేత బెదరింపజాలరు. ఈ యూహయే స్వేచ్ఛా క్షేత్రమునకు బీజము.

1969లో విరాళములు సేకరించి, మొదట నలువది ఎకరములు కొనిరి. విస్కాన్సిన్ రాష్ట్రమందలి మాడిసన్ పట్టణపు దాతృసంఘమొకటి ఇందు ముఖ్య సహాయము గావించెను. దానితో పాటే నడచినది పందుల నిధి. ఈ మాట వినినంతనే కొందఱకు నవ్వు రావచ్చును. కాని ఆ నిధి నడచిన తీరును విచారించిన యెడల, అంతటి చక్కని పరపతి సంఘము అరుదని యొప్పుకొనక తప్పదు. నీగ్రో మహిళల జాతీయ మండలి నలువది యేబది పందులను దానముగా నొసగెను. చూడిపందిని ఒక కుటుంబమునకు అప్పగింతురు. అది ఈనిన పిల్లలు ఆ కుటుంబమువి. తల్లి మాత్రము తిరిగి నిధికి చేరి, మరియొక యింటికి పోవును. పత్రము లేదు, హామీదారు లేడు, వడ్డీ లేదు. అసలు మాత్రము తఱుగదు. కొలది సంవత్సరములలో వందలకొలది కుటుంబములకు చలికాలపు మాంసము ఇంటనే దొరకెను.

పొలమున బెండ, చిక్కుడు, అలసంద, చిలగడదుంప, మొక్కజొన్న, పలువిధములగు ఆకుకూరలు పండించిరి. పొలములో పనిచేసినవారు కూరలు కొనిపోవుదురు. పని చేయలేని వృద్ధులకును, రోగులకును ఇండ్లకు చేర్తురు. బీదలగు తెల్లవారు వచ్చినను కాదనలేదు. లాభము పంచుకొనుట యన్నది ఆ సంఘపు ఉద్దేశములలో లేదు. 1971లో మఱి యాఱువందల నలువది ఎకరములు చేరెను. అందు కొంత కూరగాయలకును, తక్కినది ప్రత్తి, సోయా చిక్కుడు పైరులకును వినియోగించిరి. మొదటిది కడుపు లెక్క. రెండవది అప్పు లెక్క. భూమి వాయిదాలు కట్టుటకు రొక్కపు పంట కావలెను గదా!

క్షేత్రము తిండితో నాగలేదు. పనిముట్లు లేని రైతులకు ఎరవిచ్చుటకై పనిముట్ల నిధి యేర్పడెను. స్త్రీలకు కుట్టుపని నేర్పిరి. దొరల గుడిసెలలోనుండి వెడలగొట్టబడిన కుటుంబములకు ప్రభుత్వపు ఋణములు ఇప్పించి, సొంత యిండ్లు కట్టుకొనునట్లు తోడ్పడిరి. ఆ దరఖాస్తులను పూర్తిచేయుటయే చదువురాని వారికి మహాసాయము. ఉన్నత విద్యకు పోవు బాలబాలికలకు ద్రవ్యసహాయము చేసిరి. 1970లో మహిళా మండలి రూల్‌విల్‌లో ఆమె పేరిట శిశు సంరక్షణాలయమును తెఱచెను. తల్లులు పనికి పోవునప్పుడు బిడ్డలు అచ్చట భుజించుచు అక్షరములు నేర్చుచుండిరి.

ఇట్టి క్షేత్రము ఏల నిలువలేదని ప్రశ్న కలుగును. ఆ సంగతి దాచుట చరిత్రకు ద్రోహము. సభ్యత్వపు చందా నెలకొక్క డాలరు. పేరునకు పదునైదువందల కుటుంబములు చేరియుండగా, ఆ యొక్క డాలరును చెల్లింపగలిగినవి ముప్పది మాత్రమే. కావున దూరదేశపు దాతలే దిక్కు. 1971 ఫిబ్రవరిలో సుడిగాలి వీచి ఆ ప్రాంతమును నాశము చేసినప్పుడు క్షేత్రపు శక్తి బాధితులకు వినియోగింపబడెను. 1972, 1973 సంవత్సరములలో అనావృష్టియు, వఱదలును వెంటవెంట వచ్చి రొక్కపు పంటను పాడుచేసెను. వాయిదాలు తప్పినవి. వ్యవహారములు నడుపుచుండిన కార్యదక్షుడు 1974లో గతించెను. శ్రీమతి హేమర్ రోగపీడితురాలయ్యెను. ఆకలిగొన్నవాడు వాకిట నిలిచినప్పుడు శిస్తు సొమ్ము వేఱుగా నుంచుడనుట ధర్మసంకటము. అట్లని శిస్తు కట్టని భూమి నిలువదు. దయకును పద్దునకును నడుమ జరిగిన యా పెనుగులాటలో, 1976 నాటికి పన్నుల బాకీలక్రింద భూమి చేయిజాఱెను. ఇందు ఎవరిని నిందింపవలెనో శ్రోతలే విచారింతురుగాక. ఒక్క సంగతి మాత్రము విస్పష్టము: నిలువ ధనము లేని మంచిపనిని ఒక చెడ్డ సంవత్సరము మ్రింగివేయగలదు.

1977 మార్చి 14వ తేదీన శ్రీమతి హేమర్ పరమపదించెను. అప్పటికామెకు ఏబదితొమ్మిదేండ్లు. చేయిజాఱిన క్షేత్రములో మిగిలిన కొలది నేలయందే, రూల్‌విల్‌లో, ఆమెను సమాధి చేసిరి. నేడది స్మారకోద్యానము. 2012లో అచ్చట ఆమె కంచు విగ్రహమును ప్రతిష్ఠించిరి. కాని ఆమెకు నిజమైన స్మారకము వేఱొకటి కలదు: నాడు ఆ కూరలు తిని, ఆ శిశుశాలలో అక్షరము దిద్దిన బిడ్డలు, తమ తల్లిదండ్రులు చదువలేక పోయిన లెక్కల పుస్తకమును తామే చదువగల వారైరి.

సభాసదులారా! గ్రంథాలయము కూడ ఒక పొలమే. ఇచ్చటనుండి పుస్తకమును కొనిపోయినవాడు, పందుల నిధియందు వలెనే, దానివలన పుట్టిన జ్ఞానమును తనయొద్ద నుంచుకొని, తల్లియగు పుస్తకమును తిరిగి చేర్పవలెను. అప్పుడే అది మరియొక యింటికి పోగలదు. చందా స్వల్పమే యైనను కాలమునకు చెల్లింపవలెను. దాతల యౌదార్యము శాశ్వతము కాదు. ఇరువదియైదేండ్లు నిలిచిన యీ గ్రంథాలయమునకు ఆ క్షేత్రపు చరిత్ర యిచ్చుచున్న హెచ్చరికయు, ఆశీర్వచనమును ఇదియే.