ఆకాశపు అంచెలో వాన కబురు



వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు పెద్దలు. ఆ మాట మన అనంతపురం మెట్ట రైతుకు తెలిసినంతగా మరెవరికి తెలుసు? నైరుతి వానను పడమటి కనుమలు అడ్డగిస్తాయి. ఏడాదికి సగటున మనకు దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా రావలసిననాడు రాదు. బుడ్డలు పెరికి చేలో ఆరవేసిననాడు వస్తుంది. కాయ నల్లబడుతుంది, కట్టె కుళ్ళుతుంది. కట్టె పోతే ఎండాకాలం ఎద్దులకు మేత ఏది? సంతకు తోలవలసిందే గదా! రెండు రోజులు ముందుగా తెలిస్తే పెరకడం ఆపుతాము. పెరికింది కుప్ప చేసి పట్ట కప్పుతాము.

వాన సంగతి కనిపెట్టే ఏర్పాటు ఉన్నది. 2024 ఫిబ్రవరి 17న శ్రీహరికోట నుంచి పంపిన ఇన్సాట్-3డీఎస్ 36,000 కిలోమీటర్ల ఎత్తున, మనకు ఒకేచోట నిలిచినట్టుండి, మబ్బులను చూస్తుంది. వాతావరణ శాఖవారి సేద్యపు సలహా మంగళ, శుక్రవారాలలో వెలువడుతుంది. చిక్కల్లా ఆ సలహా కొండ వెనక పల్లెకు, సెల్ టవరు అందని చేనుకు చేరటంలోనే ఉన్నది.

ఇందుకోసమే మరో రకం ఉపగ్రహాలు వచ్చాయి. 2022 అక్టోబరు 23న 36, 2023 మార్చి 26న మరో 36, వన్‌వెబ్ అనే సంస్థ ఉపగ్రహాలను ఇదే శ్రీహరికోట నుంచి మన ఎల్‌వీఎం-3 రాకెట్టు మోసుకుపోయింది. ఒక్కొక్కటి దాదాపు 150 కిలోలు. నాలుగు బస్తాల బుడ్డల బరువనుకోండి. ఇవి 1,200 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతాయి. రెండు గంటలలోపే భూమిని ఒకసారి చుట్టివస్తాయి. అందువల్ల ఏ ఒక్కటీ మన నెత్తిన కొద్ది నిమిషాలకు మించి ఉండదు. మరి మాట తెగిపోదా అంటారేమో. తెగదు. వెనకటి అంచె టపాలో ఒకడి సంచి ఇంకొకడు అందుకున్నట్టు, ఒకటి దాటిపోయేలోగా వెనక వచ్చేది పని అందుకుంటుంది. అందుకే ఒకటీ రెండూ చాలవు. ఆరువందల పైచిలుకు కావలసివచ్చాయి.

దగ్గర ఉండటం వల్ల లాభమేమిటి? 36,000 కిలోమీటర్లు పైకి పోయి దిగిరావటానికి మాటకు సెకనులో పావువంతు పడుతుంది. 1,200 కిలోమీటర్ల దారికి సెకనులో నూరోవంతు కూడా పట్టదు. ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ ఉపగ్రహం వాన తేదు, వాన సంగతి కనిపెట్టదు కూడా. మాట మోస్తుంది, అంతే. వన్‌వెబ్ మాట సెల్‌ఫోనుకు నేరుగా రాదు. ఆకాశం కనపడేచోట గ్రాహకపు పలక, దానికి కరెంటు, నెలనెలా చందా కావాలి. ఎకరాకు నాలుగు బస్తాలు పండని ఏడు ఏ రైతు ఇది భరించగలడు?

దీనికి దారి మన దేశం వెనకటే చూపింది. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు, అమెరికావారి ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా, మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలకు టెలివిజన్ కార్యక్రమాలు అందించారు. ఇంటింటికీ పెట్టె ఇవ్వలేదు, ఊరికొకటి పెట్టారు. ఊరంతా కూడి చూసింది. ఇప్పుడూ అదే పద్ధతి మేలు. టవరు అందని పల్లెలో పలక ఒకటి పెడితే, అది రైతు సేవా కేంద్రంలోనో, బడిలోనో, అందరూ వచ్చేచోట ఉండాలి.

గ్రామ సేవకులకు నా మనవి. సలహా వచ్చిన పూటే నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో రాయండి, చదవలేనివారికి చదివి వినిపించండి. ఈ దారి రెండువైపులా నడుస్తుంది. ఆకు మీద మచ్చ కనబడితే ఫోటో తీసి కదిరి, రేకులకుంట పరిశోధనా కేంద్రాల వారికి పంపి అడగండి.

రైతు సోదరులారా, కబురు విని ఊరుకుంటే లాభం లేదు. వాన సూచన ఉంటే పెరకడం ఆపండి. కాని గుత్తిరకం కాయ ముదిరాక మరీ ఆలస్యం చేస్తే భూమిలోనే మొలకెత్తుతుంది. తడి కట్టెతో వామి వేస్తే బూజు పడుతుంది. కబురు ఆకాశం నుంచి వచ్చినా, చేను సంగతి తెలిసినవారు మీరే. రెంటినీ కలిపి ఆలోచించండి.