ఒకటో తారీఖు బాకీ: ప్రభుత్వ పింఛన్ల భవిష్యత్తు

ఏటా డిసెంబరు 17న పింఛనుదారుల సంఘాలు ఊరూరా సభలు జరుపుకుంటాయి. పెద్ద వయసువారికి శాలువాలు కప్పుతారు, పాత మిత్రులు కలుసుకుంటారు, పెరగాల్సిన కరువు భృతి (డీఆర్) గురించి తీర్మానాలు చేస్తారు. డి.ఎస్.నకారా పేరు తలవని సభ అరుదు. రక్షణ శాఖ ఆర్థిక విభాగంలో పనిచేసి 1972లో రిటైరైన నకారాకు, 1979లో కేంద్రం తెచ్చిన మెరుగైన పింఛను లెక్క వర్తించలేదు. ఆ ఏడాది మార్చి 31కి ముందు ఉద్యోగం వదిలినవారందరిదీ అదే పరిస్థితి. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. జస్టిస్ డి.ఎ.దేశాయ్ రాసిన ఆ తీర్పు సారాంశం ఇదే: పింఛను ప్రభుత్వం పెట్టే భిక్ష కాదు, చేసిన సేవకు తర్వాత అందే జీతం.

ఈ మాటను పింఛనుదారులు గుండెల్లో పెట్టుకున్నారు. అందులోంచే పుట్టే రెండో ప్రశ్నను మాత్రం ప్రభుత్వాలూ పట్టించుకోలేదు, సంఘాలూ గట్టిగా అడగలేదు. తర్వాత ఇవ్వాల్సిన జీతమైతే అది బాకీ. బాకీ అన్నది ఏదో ఒక పద్దులో ఉండాలి. మన రాష్ట్రాలు ఈ బాకీని ఎక్కడ రాసుకున్నాయి?

ఎక్కడా రాసుకోలేదు. పాత పింఛను విధానంలో నిధి అంటూ ఏదీ ఉండదు. ఈ ఏడాది వసూలైన పన్నుల్లోంచే ఈ ఏడాది పింఛను ఇస్తారు. ఖజానా నిండుగా ఉన్నన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాదు. 2020 మార్చిలో కరోనా వచ్చి రాబడి పడిపోగానే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పింఛనుదారులకు సగమే ఇచ్చి మిగతా సగం వాయిదా వేసింది. విశ్రాంత జడ్జి ఒకరు హైకోర్టుకెక్కారు. బకాయి 12 శాతం వడ్డీతో చెల్లించమని హైకోర్టు అంది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది గానీ, జీతమూ పింఛనూ హక్కేనన్న సూత్రాన్ని కదపలేదు. హక్కు నిలబడింది. సొమ్ము మాత్రం ఆలస్యంగానే వచ్చింది.

ఇక 2004 సంగతి. కేంద్రం ఆ ఏడాది జనవరి 1 నుంచి చేరినవారిని, సైన్యాన్ని మినహాయించి, కొత్త విధానంలోకి మార్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సెప్టెంబరు 1ని గీతగా పెట్టుకుంది. ఇక్కడ దాని పేరు సీపీఎస్, అంటే కంట్రిబ్యూటరీ పింఛను పథకం. ఆ రోజునే రెండు రాష్ట్రాల్లోని సీపీఎస్ ఉద్యోగులు పింఛను విద్రోహ దినంగా పాటిస్తారు. మూలవేతనం, కరువు భత్యం (డీఏ) మీద పది శాతం ఉద్యోగి జీతంలో కోత. అంతే మొత్తం ప్రభుత్వ వాటా. రెండూ కలిపి మార్కెట్‌లో పెట్టుబడి. రిటైరైనప్పుడు పోగైన దాంట్లో అరవై శాతం దాకా చేతికిస్తారు, కనీసం నలభై శాతంతో బీమా సంస్థ దగ్గర నెలనెలా పింఛను ఇచ్చే యాన్యుటీ కొనాలి. తామే తెచ్చిన ఈ ఏర్పాటులోకి శాసనసభ్యులు తమ పింఛనును మార్చుకోలేదు. ఈ మాట ఉద్యోగుల ప్రతి ధర్నాలోనూ వినపడుతుంది, అందులో తప్పేమీ లేదు.

తేడా ఎంతో అంకెల్లో చూస్తేనే తెలుస్తుంది. ఇరవై ఏళ్ల సర్వీసు, చివరి మూలవేతనం 60,000 అనుకుందాం. పాత పద్ధతిలో మన రాష్ట్రాల్లో నిండు పింఛనుకు 33 ఏళ్ల సర్వీసు కావాలి కనుక, ఇరవై ఏళ్లకు దామాషాగా 18,000 పైచిలుకు వస్తుంది. దాని మీద డీఆర్ పెరుగుతూ పోతుంది, తర్వాత కుటుంబ పింఛను ఉంటుంది. సీపీఎస్‌లో ఇరవై లక్షలు పోగైందనుకుంటే చేతికి పన్నెండు లక్షలు వస్తాయి. మిగిలిన ఎనిమిది లక్షలకు ఆరున్నర శాతం చొప్పున నెలకు 4,300 వస్తుంది. పదేళ్ల తర్వాతా అదే 4,300. పన్నెండు లక్షలను లెక్కలో కలపకుండా రెండు పింఛన్లను పోల్చే కరపత్రాలు సగమే నిజం చెబుతున్నాయి. కలిపి చూసినా అంతరం పూడదన్నదీ నిజమే.

అయితే ఇప్పుడు సీపీఎస్‌లో రిటైరవుతున్నవారు ఎక్కువగా లేటు వయసులో ఉద్యోగంలో చేరినవారు, కొద్ది సర్వీసువారు. ఇరవై అయిదేళ్ల వయసులో 2004లో చేరిన టీచరు, ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడున్న 62 ఏళ్ల లెక్కన, 2041లో గానీ రిటైరవడు. అసలు పరీక్ష అప్పుడు. ఆ లోపల జమలు సకాలంలో పడాలి. అవి ఆలస్యమవుతున్నాయని సంఘాలు ఏళ్లుగా మొత్తుకుంటున్నాయి. 2020లో వచ్చిన కాగ్ నివేదిక కూడా కొత్త పింఛను అమలులో ఈ లోపాన్ని ఎత్తిచూపింది. చక్రవడ్డీ మీద బతికే ఖాతాకు ఆలస్యం చిన్న నష్టం కాదు.

ఇక కొత్త పింఛను రద్దు రాజకీయం. 2022లో రాజస్థాన్ పాత పింఛనుకు మళ్లుతున్నట్టు ప్రకటించింది. ఛత్తీస్‌గఢ్, ఝార్ఖండ్, పంజాబ్, తర్వాత హిమాచల్ ప్రదేశ్ అదే దారి పట్టాయి. బయటికి ఇది ఉద్యోగుల మీద దయలా కనబడుతుంది. ఖజానా వైపు నుంచి చూస్తే ఇంకోటి తెలుస్తుంది. రద్దు చేసిన నెల నుంచే ప్రభుత్వ వాటా కట్టనక్కర్లేదు. ఉద్యోగి నుంచి కోసే సొమ్ము జీపీఎఫ్ (సాధారణ భవిష్య నిధి) పేరుతో ప్రభుత్వం చేతికే వస్తుంది. భారమంతా 2035, 2040ల మీద పడుతుంది. అప్పటికి ఈ ముఖ్యమంత్రుల్లో ఎవరు కుర్చీలో ఉంటారు? ఇవాళ డబ్బు మిగిల్చి, ఓట్లు తెచ్చి, బిల్లును తర్వాతి తరానికి పంపే పథకానికి ఏ ఆర్థిక మంత్రి అయినా ఆశపడతాడు. అప్పటికే జమైన నిధిని వెనక్కి ఇమ్మని ఆ రాష్ట్రాలు అడిగితే, చట్టంలో అలాంటి వీలు లేదని కేంద్రం చెప్పేసింది.

2023 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు బులెటిన్‌లో ఆర్థికవేత్తలు ఒక అంచనా వేశారు. రాష్ట్రాలన్నీ పాత విధానానికి వెళ్తే భారం కొత్త విధానానికి నాలుగున్నర రెట్ల దాకా పోవచ్చు, 2060 నాటికి అదనపు భారం ఏటా జీడీపీలో 0.9 శాతం కావచ్చు. ఈ హెచ్చరికను తోసిపుచ్చలేం. కానీ అది ఖజానాకు వచ్చే ముప్పును మాత్రమే కొలిచింది. మార్కెట్ పడితే, ధరలు పెరిగితే, మనిషి తొంభై దాకా బతికితే ఆ ముప్పు ఎవరిది? సీపీఎస్ దాన్ని మొత్తంగా ఉద్యోగి నెత్తిన పెట్టింది. అంతటి బరువు ఒక్క కుటుంబం మోయలేదు, ప్రభుత్వం లక్షల మందికి పంచి మోయగలదు. అసలు వాదం ఇక్కడ జరగాలి.

ఆంధ్రప్రదేశ్ దీన్ని కష్టపడి నేర్చుకుంది. వారంలో సీపీఎస్ రద్దు చేస్తామన్న వాగ్దానంతో 2019లో వచ్చిన ప్రభుత్వం తరఫున, అది సాంకేతిక అంశాలు తెలియక ఇచ్చిన హామీ అని అప్పటి సలహాదారు సజ్జల రామకృష్ణారెడ్డి తర్వాత ఒప్పుకోవాల్సి వచ్చింది. మూలవేతనంలో 33 శాతం నుంచి బేరం మొదలై, 2023 సెప్టెంబరులో 50 శాతం హామీతో జీపీఎస్ (గ్యారంటీ పింఛను పథకం) బిల్లు సభ దాటింది. ఉద్యోగులు దాన్ని వెన్నుపోటన్నారు. ఏడాది తిరక్కుండా, 2024 ఆగస్టులో, కేంద్రం దాదాపు అదే అచ్చులో యూపీఎస్ (ఏకీకృత పింఛను పథకం) ప్రకటించింది: పాతికేళ్ల సర్వీసుకు చివరి ఏడాది సగటు మూలవేతనంలో సగం, పదేళ్లు నిండితే కనీసం 10,000, ప్రభుత్వ వాటా 18.5 శాతం. ఉద్యోగి వాటా పది శాతం అలాగే ఉంది. హామీ కూడా ఉండాలి, నిధి కూడా ఉండాలి అన్న ఈ మధ్యేమార్గమే నిలబడేది. అమరావతిలో అయినా హైదరాబాదులో అయినా దీన్ని మెరుగుపరచుకోవచ్చు, తప్పించుకోలేరు.

ఈ గొడవలో గొంతు లేనివారు వేరే ఉన్నారు. ప్రైవేటు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసినవాడికి ఈపీఎస్ (ఉద్యోగుల పింఛను పథకం)లో కనీస పింఛను 2014 నుంచి నెలకు వెయ్యి రూపాయలే. ఆంధ్రప్రదేశ్‌లో ఏ పింఛను పథకంలోనూ లేని పేద వృద్ధుడికి 2024 జులై నుంచి రాష్ట్రం 4,000 ఇస్తోంది. అందులో అరవై నుంచి డెబ్భై తొమ్మిదేళ్లవారికి కేంద్రం ఇచ్చే వాటా 200. నెలనెలా తన పేరున చందా పడినవాడికి వెయ్యి! దాన్ని పెంచమంటే, భవిష్యత్తు బాకీని అంచనా వేసే యాక్చువరీతో ఏటా వేయించే లెక్కలో లోటు తేలిందని ఢిల్లీ జవాబు చెబుతుంది. కార్మికుడి నిధికి ఏటా లెక్క వేస్తారు, ఆ లెక్క చూపించే కాదంటారు. ప్రభుత్వం తన ఉద్యోగులకు పడిన బాకీకి మాత్రం అలాంటి లెక్క జనానికి చూపించదు.

అమెరికాలో ఉద్యోగం చేసే తెలుగువాళ్ల జీతంలోంచి సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం పోతుంది. ఆ నిధి ట్రస్టీలు ఏటా 75 ఏళ్ల ముందుచూపు లెక్క ప్రచురిస్తారు. రిటైర్మెంటు నిల్వ 2033 ప్రాంతంలో అయిపోతుందనీ, అప్పుడు వచ్చే పన్నుతో ఇవ్వాల్సిన దాంట్లో నాలుగింట మూడు వంతులకు కాస్త పైగా మాత్రమే ఇవ్వగలమనీ వాళ్లే చెప్పారు. అక్కడి రాజకీయ నాయకులు పరిష్కారం తేల్చలేదు. కానీ లోటు ఎంతో, ఎప్పుడో పౌరుడికి తెలుసు.

మన దగ్గర 2014 విభజన చట్టం ఉమ్మడి రాష్ట్ర పింఛను భారాన్ని జనాభా నిష్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌కు 58.32, తెలంగాణకు 41.68 శాతంగా పంచింది. పంచుకున్న ఆ మొత్తం ముందు ముందు ఎంతవుతుందన్నది చర్చకు రావాలి. శాసనసభ్యులకు ఒక్కటే మనవి: వచ్చే బడ్జెట్ పుస్తకాలతో పాటు రాబోయే ముప్పై ఏళ్ల పింఛను బాకీ లెక్కను, యాక్చువరీ సంతకంతో, సభ ముందు పెట్టండి. సీపీఎస్ ఖాతాల్లో ఏ నెల జమ ఏ తారీఖున పడిందో పక్కనే అచ్చువేయండి. ఉద్యోగ సంఘాలు తమ డిమాండ్ల పత్రంలో డీఏ బకాయిల కన్నా ముందు దీన్నే రాయాలి.