జీన్ థెరపీ ఎంతవరకు వచ్చింది?

మిత్రులారా, రొమ్ము క్యాన్సర్‌కు జీన్ థెరపీ వచ్చిందట కదా అని మీలో చాలామంది అడుగుతున్నారు.

సైన్సు మాస్టారు బోర్డు మీద గీసిన కణం బొమ్మ గుర్తుందా? మధ్యలో కేంద్రకం. అక్కడికి సరైన జన్యువును చేరవేయడమే ఈ వైద్యం. మోసుకెళ్లేది, చాలావరకు, జబ్బు చేసే గుణం తీసేసిన వైరస్. కణాల పెరుగుదలను అదుపుచేసే పి53 జన్యువును ఇలా పంపి చూశారు. చిక్కేమిటంటే, కణితిలో కోట్ల కణాలుంటాయి; అన్నిటికీ అది అందదు. పైగా ఒంట్లోని రక్షణ వ్యవస్థ వైరస్‌పై తిరగబడుతుంది. 1999లో అమెరికాలో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ల కుర్రాడు అలాగే పోయాడు. అతనికున్నది క్యాన్సర్ కూడా కాదు, కాలేయానికి సంబంధించిన జన్యులోపం.

రొమ్ము క్యాన్సర్‌కు ఇది ఇప్పటికీ ప్రయోగమే. మన బ్యాచ్‌లో ఒకామె, అక్కకు ఆపరేషన్ మానిపించి, పొలం అమ్మి ఇది చేయిద్దామనుకుంది. వద్దని గట్టిగా చెప్పాను. హెర్-2 ఎక్కువున్నవారికి ట్రాస్టుజుమాబ్ 1998 నుంచీ ఉంది; అది జన్యువును మార్చదు, ఆ ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది.

మన దేశంలో ఏ ట్రయల్ అయినా సీటీఆర్‌ఐ రిజిస్టరులో నమోదు కావాలి. ఆ నంబరు అడగండి. ప్రయోగం మందుకు లక్షలు కట్టమంటే లేచి వచ్చేయండి. రిపోర్టులు చూపించాలనుకునేవారు భోజనాల దగ్గర నన్ను కలవండి.