కంటి సాక్ష్యము



సూరతునుండి హజీరా పోవు దారిలోని ఇచ్ఛాపూర్‌నందు రత్నాభరణ పరిశ్రమలవాడ యొకటి కలదు. ఒకప్పుడు కృష్ణాతీరమునందలి కొల్లూరు వజ్రములు దేశదేశములకు పోయినవి. నేడు దేశదేశముల వజ్రములు సానకై సూరతు ప్రాంతమునకు వచ్చుచున్నవి. కంటిని నమ్మి బ్రతుకు ఈ వృత్తియే, కంటిని ఎంతవరకు నమ్మవలెనో బోధించుచున్నది.

వజ్రపు వన్నె కట్టు పరీక్షకుడు దానిని బోర్లించి, తెల్లని పీఠముపై, నియమితమైన వెలుతురులో, వన్నె ముందే తేల్చిన మచ్చురాళ్ళతో పోల్చి చూచును. పైముఖముగా చూచినచో రాతి తళుకు లేత పసుపును దాచును. పసిడిలో పొదిగినచో ఆ పసుపు మఱియు మఱుగుపడును.

కన్ను కాంతిని కొలుచు యంత్రము కాదు. ప్రక్కవస్తువుతో పోల్చి మెదడు తీర్పు చెప్పును. 1995లో ఎడ్వర్డ్ ఏడెల్సన్ రచించిన చదరంగపు పలక చిత్రములో, ఒకే బూడిదవన్నెగల రెండు గళ్ళలో వెలుగులోనిది నల్లగాను, నీడలోనిది తెల్లగాను తోచును. నీడ పడినను తెల్లనిదానిని తెల్లనిదిగా గుర్తించుట బ్రతుకునకు మేలు. ఆ మేలే బొమ్మయెదుట భ్రాంతి యగుచున్నది.

1889లో మ్యూలర్ లయ్యర్ ప్రకటించిన బాణపుకొనల గీతలు సమానములని కొలిచి తెలిసికొన్న పిదపను అసమానములుగనే కనబడును. త్రాటియందలి పాము దీపము తెచ్చినంతనే మాయమగును. ఈ భ్రాంతి దీపమెదుటనే నిలుచును. పుట్టుకతో వచ్చిన శుక్లములు తొలగింపబడిన 9 మంది భారతీయ బాలబాలికలు చూపు వచ్చిన వెంటనే ఇట్టి భ్రాంతులకు లోనైరని పవన్ సిన్హా బృందము 2015లో ప్రకటించినది. కావున ఇది చిరకాలపు చూపు అలవాటువలన మాత్రమే కలిగినది కాదు.

అవధానమునకును హద్దు కలదు. 2013లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో, 24 మంది ఎక్స్‌రే నిపుణులు ఊపిరితిత్తుల చిత్రములలో గడ్డలను వెదకుచుండగా, సగటు గడ్డకు 48 రెట్లుగల గొరిల్లా బొమ్మను అందులో చేర్చిరి. 20 మంది దానిని గమనింపలేదు. వారిలో పలువురి చూపు సరిగా ఆ బొమ్మపైననే వ్రాలినది.

కావున కళ్ళార చూచితినను సాక్షి బొంకకయే పొరబడవచ్చును. ఎదుటనున్నదానిని కనుగొనని తనిఖీ ఉద్యోగి అశ్రద్ధుడు కాకపోవచ్చును. ఇరువురిని దోషులనుటకు ముందు ఈ సంగతి తలపవలెను. భ్రాంతిని జ్ఞానము తొలగింపజాలదు. పద్ధతి దానివలని నష్టమును తగ్గింపగలదు. మచ్చురాయి, కొలబద్ద, రెండవవాని తనిఖీ మానవుని నిజాయితీపై అనుమానముచే పుట్టినవి కావు; మానవుని కంటి స్వభావము నెఱిగి యేర్పఱచుకొన్న ఊతకఱ్ఱలు.