స్త్రీలు – సామాజిక మాధ్యమములు



గ్రంథాలయ రజతోత్సవ సభలో సెల్‌ఫోనును గూర్చి ప్రసంగమేమిటని పెద్దలు కొందరు శంకింపవచ్చును. పుస్తకమునకు శత్రువు ఫోనేయని వారి భావము. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని స్త్రీల విషయమున ఈ రెండింటికిని దగ్గర బంధుత్వము కలదు.

పెనుగంచిప్రోలున 1874లో జన్మించిన భండారు అచ్చమాంబ బడికి పోయి చదివినది కాదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకొనుచుండగా ప్రక్కన చేరి నేర్చుకొన్నది. ఆ చదువుతోనే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రచించినది. 1902లో బందరున ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజమును స్థాపించినది. ఆ సంవత్సరమే ‘హిందూ సుందరి’ పత్రిక వెలువడినది. దానికి సంపాదకులు స్త్రీలే. గడప దాటని యిల్లాలి మాట టపాలో పయనించి మరియొక యూరి యిల్లాలిని చేరుట ఆ దినములలో సామాన్య విషయము కాదు. ఆడవారు చదివిన చెడిపోదురనెడి పెద్దలు ఆనాడును ఉండిరి.

తరువాత 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా పశ్చిమ డెల్టాలో పడవ గ్రంథాలయమును నడిపి, కాలువ గట్టున నున్న గ్రామములకు పుస్తకములు చేర్చెను. నేడు పడవ అక్కరలేదు. 2016లో జియో వచ్చి డేటా వెల దిగిన పిమ్మట యూట్యూబ్, వాట్సప్ పొలముగట్ల వరకు వచ్చినవి.

ఆ 2016లోనే తెనాలి దగ్గరి గుడివాడ గ్రామమున (కృష్ణా జిల్లాలోని గుడివాడ పట్టణము కాదు) ఒక విచిత్రము జరిగినది. కర్రె మస్తానమ్మ అను వృద్ధురాలు ఆరుబయట కట్టెల పొయ్యిమీద కూర వండుచుండగా మునిమనుమడు, అతని స్నేహితుడు చిత్రీకరించి యూట్యూబ్‌లో ఉంచిరి. ఆమెకు నూరేండ్లు దాటినవని చెప్పెడివారు. జన్మపత్రము మాత్రము లేదు. పదునొకండవ యేట పెండ్లి, ఇరువదిరెండవ యేట వైధవ్యము, ఆ మీదట కూలిపని. అల్లపుతోలు గోటితోనే ఒలిచెడిది. పుచ్చకాయలో కోడికూర వండిన ఆమె చిత్రమును దేశదేశముల వారు చూచిరి. 2018 డిసెంబరులో ఆమె మరణించునాటికి ఆ ఛానలు చందాదారులు పదిలక్షలు దాటిరి. ఆమె చెప్పినది వేదాంతము కాదు, వంట. జీవితమంతయు ఎవరును విలువ కట్టని పనికి, చివరి రెండేండ్లలో లోకము విలువ కట్టినది.

మంగళగిరి చీరలు, బందరు లడ్డు, పచ్చళ్లు వాట్సప్ గ్రూపులలో అమ్ముకొను గృహిణులు నేడు కలరు. ఉల్లిపాయతో సకల రోగములును మానునను వైద్యము కూడ ఆ గ్రూపులలోనే తిరుగుచున్నది. అది వేరే సంగతి.

ఇంతకును ఆ ఫోను ఎవరిది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో ఎన్నడైనను ఇంటర్నెట్ వాడిన పురుషులు నూటికి 48.8 మంది, స్త్రీలు 21 మంది మాత్రమే. తాము స్వయముగా వాడుకొను ఫోను గల స్త్రీలు సగమునకు లోపే. పిమ్మట ఈ సంఖ్యలు పెరిగియుండును. అయినను ఇంటిలో ఫోను ఒకటే యైనప్పుడు అది మొదట ఎవరి చేతిలో నుండునో తల్లులకు చెప్పనక్కరలేదు.

అసలు చిక్కు ఇంకొకటి. కాలేజీ పిల్లకు ఎవడో ముఖము తెలియనివాడు అసభ్యపు సందేశము పంపును. లేదా ఆమె ఫొటోను వికృతము చేసి బెదిరించును. సంగతి ఇంట తెలిసిన వెంటనే తండ్రి ఏమి చేయును? ఫోను లాగికొనును. కొన్ని యిండ్లలో చదువే మాన్పించి సంబంధములు చూతురు. తప్పు వానిది, శిక్ష పిల్లకు. ఈ భయముచేతనే పిల్లలు తల్లితో చెప్పరు. చెప్పకపోవుటయే ఆ దుర్మార్గునికి బలము. వద్దనిన ఆడపిల్లను ఫోనులో పదే పదే వెంటాడుట భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను క్రింద నేరము. మొదటిసారికే మూడేండ్ల వరకు జైలు. సందేశమును చెరపివేయరాదు, సాక్ష్యముగా దాచవలెను. స్త్రీల సహాయమునకు 181, ఆన్‌లైన్ మోసములో సొమ్ము పోయినచో 1930 నంబర్లు కలవు.

ఈ గ్రంథాలయమున వారమునకొక మధ్యాహ్నము స్త్రీలకే కేటాయించి, ఫోను తెచ్చుకొనుడని పిలువవచ్చును. ఎవరి సందేశమును ఎట్లు ఆపవలెనో, ఫొటో ఎవరికి కనబడునో, ఓటీపీ ఎవరికి చెప్పరాదో డిగ్రీ చదువు పిల్లలే పెద్దవారికి నేర్పగలరు. ఆ రెండు గంటలు నాట్లు, కోతల రోజులలో మారునట్లు పెట్టుకొనవలెను. లేనిచో కూలికి పోవు స్త్రీలు రాలేరు. తండ్రులను కూడ ఒకనాడు పిలిచి, పిల్ల ఫిర్యాదు చేసినపుడు ఫోను లాగికొనక స్టేషనుకు వెంట పోవలెనని చెప్పవలెను.